డోరీనమ్మ కూనిరాగం

నేను ఒక బాకాను. బ్యాండుమేళంలో అందరికంటే ముందు నడిచే ఇత్తడి బాకాను. ప్రస్తుతం కావలిలో ఒక పాత ఇత్తడి కొట్లో, చిల్లుపడ్డ బిందెలకీ కాలు విరిగిన కుందులకీ మధ్య పడి ఉన్నాను. తీరిక దొరికింది కాబట్టి నా సంగతి చెబుతాను. నెత్తురు చూస్తే కళ్లు తిరిగేవాళ్లు ఎవరైనా ఉంటే ఇప్పుడే లేచి వెళ్లండి, తరవాత నన్ను తిట్టుకోవద్దు. నా కథ నిండా దెబ్బలే.

అసలు నా పుట్టుకే దెబ్బలతో జరిగింది. మీరట్‌లో ఒక ఇరుకు సందులో నన్ను రేకుగా కత్తిరించి, నిప్పుల్లో కాల్చి, పొద్దస్తమానం కర్రసుత్తితో బాదారు. గొట్టం వంపు తిరిగేటప్పుడు చీలకుండా ఉండాలని కడుపులోకి కరిగిన సీసం పోశారు. వంచాక మళ్లీ కాల్చి ఆ సీసం కక్కించారు. మీరు మీ పిల్లల్ని ఉయ్యాల్లో వేసి జోల పాడతారు కదా, నాకు జరిగిన ఉయ్యాల సంబరం అది. అంతా అయ్యాక ఆ పనివాడు నన్ను తళతళలాడేలా తోమి, నా వంట్లో తన మొహం చూసుకుని మీసం దువ్వుకున్నాడు.

నన్ను పార్సిల్లో తెప్పించుకున్నవాడు రెజినాల్డ్ హిగ్గిన్స్. నెల్లూరు జిల్లా బిట్రగుంటలో బొగ్గు ఇంజన్లు నడిచే కాలంలో మెయిలు బండి డ్రైవరు. ఆంగ్లో ఇండియన్. తాత ఇంగ్లండు నుంచి ఓడ దిగాడని చెప్పుకునేవాడు, తాను మాత్రం మద్రాసు దాటి ఎరగడు. ఊరంతా ఇగిన్సు దొర అనేవాళ్లు. పెళ్లీ పెటాకులూ లేవు. తనవాళ్లంటూ ఉన్నది ఒక్క చెల్లెలు డోరీన్. ఆవిడ మొగుడితో ఇంగ్లండు వెళ్లి బర్మింగ్‌హామ్‌లో కాపురం పెట్టింది. ఇక దొర కోపం సంగతి చెప్పొద్దూ, ముక్కు మీదే ఉండేది. రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో డాన్సు జరుగుతుంటే ఎవడో ఖర్మ కాలి 'నీ ట్రంపెట్టు ఈనుతున్న గేదెలా ఉంది' అన్నాడు. దొర నన్ను తిరగేసి వాడి చెవి మీద ఒక్కటిచ్చాడు. వాడి చెవికి మూడు కుట్లు పడ్డాయి. నాకు మొదటి సొట్ట పడింది. వాణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్లారు గాని, నన్ను ఎవరూ పలకరించలేదు.

ఒక క్రిస్మస్‌కు డోరీన్ దగ్గరి నుంచి చిన్న టేపురికార్డరూ, ఒక కేసెట్టూ వచ్చాయి. అక్కడ టీవీలో ప్రతి సీరియలుకూ ముందు ఒక రాగం వస్తుందట. డోరీన్ రోజూ సాయంత్రం టీవీ ముందు రికార్డరు పెట్టుకుని కూర్చుని, ఆ మొదలు రాగాలన్నీ అన్న కోసం పట్టింది. మధ్యమధ్య రేడియోలో వచ్చే తిక్కపాటలు కూడా నింపింది. ఒకదాంట్లో పాడేవాడు తాళం తప్పకుండా తుమ్ముతాడు. ఇంకోదాంట్లో బాతులు వంత పాడతాయి. దొర ఆ సీరియళ్లలో ఒక్కటీ చూడలేదు, టీవీ పెట్టే చూడలేదు. అయినా ప్రతి రాగానికీ ఒక కథ అల్లి చెప్పేవాడు. "ఇది కుంటి డిటెక్టివ్ కథ మ్యాన్. శవం దొరికినప్పుడల్లా ముందు టీ తాగతాడు" అనేవాడు. చెబుతూ చెబుతూ కళ్లు తుడుచుకుని "ఆ రోజులు మళ్లీ రావు మ్యాన్" అనేవాడు. ఏ రోజులో, ఎవరి రోజులో! తాను లేని ఊరి కోసం, తాను చూడని సాయంత్రాల కోసం ఆ మనిషి బెంగ పెట్టుకున్నాడు. తీరా చాలా ఏళ్లకు బిట్రగుంటకు టీవీ వచ్చి, దొర టై కట్టుకుని వెళ్లి దాని ముందు కూర్చుంటే, అందులో వేరుశెనగకు పట్టే చీడ గురించి చెప్పారు.

కేసెట్టు చివర ఒక నెమ్మదైన రాగం ఉంది. ఏదో ఆస్పత్రి సీరియలుదని దొర ఊహ. అది పట్టేటప్పుడు డోరీన్ మైమరిచి తానూ కూనిరాగం తీసింది. టీవీ రాగం కంటే రవ్వంత వెనక, కాస్త బొంగురు గొంతుతో. ఒకచోట దారి తప్పి, తనలో తాను నవ్వుకుని, మళ్లీ అందుకుంది. దొరకు మిగతా కేసెట్టంతా ఒక ఎత్తు, ఆ కూనిరాగం ఒక ఎత్తు. ఇరవయ్యేళ్లుగా చూడని చెల్లెలు పక్క గదిలో పని చేసుకుంటున్నట్టు ఉంటుందనేవాడు.

బొగ్గు పొగ తిని తిని దొర ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఊదలేకపోయాడు. షెడ్డులో ఇంజన్లు తుడిచే జకరయ్యకు నన్ను ఊదడం నేర్పి, చివరికి నన్నే ఇచ్చేశాడు. జకరయ్య బ్యాండుమేళం పెట్టాడు. పేరు రాయల్ ఇంగ్లండు బ్యాండు. తొమ్మిది మంది, తొమ్మిది ఎర్రకోట్లు. క్లారినెట్టు వాయించేది సుందరరావు, జకరయ్య భార్య కరుణమ్మకు స్వయానా తమ్ముడు. సాధనంతా జకరయ్య ఇంటి వసారాలోనే. దొర దగ్గర అడిగి తెచ్చిన కేసెట్టు పెట్టుకుని, విన్నది విన్నట్టు దింపుకునేవాళ్లు. వీళ్లకు రాగమేదో, బర్మింగ్‌హామ్ వంటింటి చప్పుడేదో తెలియదు. తెలియకే కొంప మునిగింది.

కుంటి డిటెక్టివు రాగం మధ్యలో డోరీన్ పొయ్యి మీద నీళ్ల కెటిల్ ఈల వేసింది. అది క్లారినెట్టుకు పైస్వరం అయింది. ఎవరో దభీమని తలుపు తోశారు. అది పెద్దడోలు దెబ్బ అయింది. దాని వెంటనే డోరీన్ మొగుడి మీద గట్టిగా కేకేసింది: "షట్ ద బ్లడీ డోర్!" జకరయ్య దాన్ని కూడా పాటలో భాగమే అనుకుని, తొమ్మిది మంది చేతా ఒక్కసారిగా అనిపించాడు. "సట్టబలే డోర్!" అర్థం ఏంది దొరా అని అడిగితే, దొర నవ్వు ఆపుకోలేక దగ్గుతూ "దీవెన మ్యాన్. ఆలుమగలు చల్లగా ఉండాలని దీవెన" అన్నాడు. ఇక చూసుకోండి. కందుకూరు నుంచి కోవూరు దాకా ఆ కేక లేనిదే పెళ్లి పెళ్లి కాదు. డోలు దభీమనగానే పెద్దలు అక్షింతలు పట్టుకుని సిద్ధంగా ఉండేవాళ్లు. 'సట్టబలే డోర్' అన్న మరుక్షణం వధూవరుల నెత్తిన బియ్యం కురిసేది. తలుపు వెయ్యవయ్యా అని ఇంగ్లండులో ఒక ఇల్లాలు మొగుణ్ణి తిట్టిన తిట్టుకు ఇక్కడ కొన్ని వందల జంటలు తలలు వంచి నమస్కారం పెట్టాయి.

పదిహేనేళ్లు అలా గడిచాక సుందరరావుకు కావలిలో ఒక ఇంగ్లీషు మేష్టరు తగిలాడు. వసారాలో అందరూ ఉండగానే విషయం బయటపెట్టాడు.

"బావా, ఆ కేక తీసేద్దాం. అది దీవెన కాదంట. ఆ పాడు తలుపు ముయ్యి అని తిట్టడమంట. తెలిసినోళ్లు నవ్వుతుండారు."

"దొర నాకు అబద్ధం చెప్తాడంట్రా?"

"చెప్పాడు కదా మరి. ఇన్నేళ్లూ మనతో ఆడుకున్నాడు."

జకరయ్య చెయ్యి విసిరాడు. సుందరరావు చెంప పేలింది, పెదవి చిట్లి చొక్కా మీద నెత్తురు పడింది. "గమ్మునుండి వాయించేదుంటే వాయించు, లేకపోతే నీ దారి చూసుకో" అన్నాడు జకరయ్య. లోపలి నుంచి కరుణమ్మ పరుగెత్తుకొచ్చేలోపు తమ్ముడు క్లారినెట్టు చంకన పెట్టుకుని వీధిలో నడుస్తున్నాడు. వెనకాలే నలుగురు పోయారు. బావ బతకకోరతాడు, దాయాది చావుకోరతాడు అంటారు. ఆ ఇంట్లో బావే దాయాది అయి కూర్చున్నాడు.

సుందరరావు కావలిలో వేరే మేళం పెట్టాడు. అవే పాటలు, కేక మాత్రం లేదు. ఇద్దరూ ఒకరి మీద ఒకరు కత్తులు నూరుకున్నారు. దారి కాచి డోలు తోళ్లు చింపడం, పెళ్లివారికి చాడీలు చెప్పడం, ఒకసారి సుందరరావు మనుషులు జకరయ్య డోలువాణ్ణి కాలవలోకి తోసి తొక్కడం, వీళ్లు వెళ్లి వాళ్లలో ఒకడి మోకాలు విరగ్గొట్టి రావడం. ఆ రెండేళ్లలో నాకు పడిన సొట్టలు ఐదు. ఒకటి గోడది. మిగతావన్నీ పుర్రెలవి. సంగీతం మనుషుల్ని దగ్గర చేస్తుందని అంటుంటారు. నిజమే, కొట్టుకోవాలంటే దగ్గరికి రావాల్సిందే కదా.

అసలు పోట్లాట వైశాఖమాసంలో, మిట్టమధ్యాహ్నం, రైలుగేటు దగ్గర జరిగింది. గేటు పడి ఉంది. ఇటు జకరయ్య మేళం వెనక ఒక పెళ్లికొడుకు, అటు సుందరరావు మేళం వెనక ఇంకో పెళ్లికొడుకు. మేళాల్లో ఒక కట్టుబాటుంది. రెండు ఊరేగింపులు ఎదురుపడితే, ఎవరి పాట ముందు ఆగుతుందో వాళ్లు పక్కకు తప్పుకుని దారివ్వాలి. గేటు లేచింది. ఇద్దరూ ఒక్కసారే పట్టాల మధ్యకు వచ్చి నిలబడ్డారు. ఇద్దరూ కుంటి డిటెక్టివు రాగమే ఎత్తుకున్నారు.

ఆ రోజు జకరయ్య కోటు జేబులో దొరగారి కేసెట్టు ఉంది. ఈ సంగతి దొరకు తెలియదు. ఆయన కునుకు తీస్తుండగా చెప్పకుండా తెచ్చాడు. అసలు పాటలోనే కేక ఉందని పెళ్లి జీపులోని టేపురికార్డరులో వేసి పదిమందికీ వినిపించి, బావమరిది పరువు తియ్యాలని వాడి పంతం.

ఎండ నిప్పులు చెరుగుతోంది. నా మీద చెయ్యి పెడితే బొబ్బలెక్కేట్టు ఉంది. పావుగంట గడిచినా ఎవరూ తగ్గలేదు. తాళం వాయించేవాడు సొమ్మసిల్లితే వాణ్ణి పక్కకు ఈడ్చేసి వాయించారు. రాగం తిరిగి తిరిగి కేక దగ్గరికి వచ్చింది. పెద్దడోలు దభీమంది. మావాళ్లు "సట్టబలే డోర్!" అన్నారు. అంతటితో పోయేది. కాని సుందరరావు వెనక ఉన్న పెళ్లివారు కూడా, అలవాటు కొద్దీ, ఆడా మగా అందరూ "సట్టబలే డోర్!" అని గొంతెత్తి అరిచి, తమ పెళ్లికొడుకు మీద అక్షింతలు చల్లేశారు. జకరయ్య నన్ను ఊదుతూనే కళ్లతో నవ్వాడు.

ఆ నవ్వు సుందరరావు చూశాడు. రెండంగల్లో మీదికి వచ్చి, క్లారినెట్టు తిరగేసి పట్టుకుని నా వెడల్పాటి నోటి మీద గుద్దాడు. నా మూతి అప్పుడు జకరయ్య పెదాల మధ్య ఉంది. ఆ దెబ్బ నాలోంచి సూటిగా పోయి వాడి పళ్లకు తగిలింది. పైన మూడు, కింద ఒకటి విరిగి నాలుక మీద పడ్డాయి. పెదవి రెండుగా చీలింది. ఎప్పుడూ ఊపిరి వచ్చే దారిలో నాలోకి వేడివేడిగా నెత్తురు వచ్చింది. జకరయ్య దాన్ని ఉమ్మి, నన్ను గొడ్డలి పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని తలకు గురిపెట్టాడు. సుందరరావు ఎడమ చెయ్యి అడ్డం పెట్టాడు. చెయ్యి వెనక గేటు స్తంభం ఉంది. చిటికెన వేలూ ఉంగరపు వేలూ నాకూ ఆ ఇనుముకూ మధ్య నలిగి ఫటుక్కున విరిగాయి. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆ తరవాత ఎవరు ఎవర్ని కొట్టారో ఎవరికీ తెలియదు. డోలు కర్రలు, గొడుగులు, చెప్పులు, పానకం బిందె, ఏది చేతికందితే అది. ఒక పెళ్లికొడుకు బాసికంతో సహా జీపులోంచి కింద పడ్డాడు. గేటుమ్యాను పచ్చజెండా కర్రతో ఇరువైపుల వాళ్లనీ సమానంగా బాదాడు, పక్షపాతం లేని మనిషి వాడొక్కడే. ఆ తొక్కిసలాటలో జకరయ్య జేబులోంచి కేసెట్టు జారి పట్టాల మీద పడింది. ఎవడి కాలో పడి పగిలింది. లోపలి రిబ్బను బారుగా బయటికి వచ్చి గాలికి ఊగింది. జకరయ్య చూశాడు, నన్ను వదిలేసి దాని మీదికి వంగాడు. అంతలో గూడ్సు కూత పెట్టింది. జనం అతణ్ణి రెక్క పట్టి ఇవతలికి లాగారు. నలభై పెట్టెలూ ఆ రిబ్బను మీదుగా పోయాయి.

సరిగ్గా పదహారో రోజున ఇంగ్లండు నుంచి ఉత్తరం వచ్చింది. డోరీన్ చనిపోయింది. దొర ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, జకరయ్యకు కబురు పంపాడు.

"జకరీ, కేసెట్టు ఎక్కడ పెట్టినావు మ్యాన్? తీస్కో రా. డోరీన్ మాట వినాల."

జకరయ్య నోటికి కట్టుతో ఉన్నాడు. ఆ కట్టులోంచే అంతా చెప్పి కాళ్ల మీద పడ్డాడు. దొరకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక చేతికర్ర ఎత్తాడు. వీపు మీద, భుజాల మీద, మెడ మీద, డెబ్బయ్యేళ్ల మనిషి పళ్లు బిగించి బాదాడు. జకరయ్య చెయ్యి అడ్డం పెట్టలేదు, పక్కకు జరగలేదు. కర్ర విరిగింది. దొర విరిగిన ముక్కతో ఇంకొకటి వెయ్యబోయి, అలాగే ఒక పక్కకు ఒరిగి కూలిపోయాడు. కుడికాలూ కుడిచెయ్యీ పడిపోయాయి, మూతి వంకర పోయింది. రైల్వే డాక్టరు చూసి, రెండు మూడు రోజులని చెప్పి వెళ్లాడు.

మంచంలో ఆయనకు వేరే మాట లేదు. "డోరీన్ పాట" అంటాడు. కళ్లు మూస్తాడు. తెరిచి, మళ్లీ "డోరీన్ పాట" అంటాడు. గంజి తాగించబోతే తల తిప్పేస్తాడు. ఆయన ప్రాణం పోయేలోపు ఆ కూనిరాగం ఒక్కసారి చెవిన వెయ్యాలి. కేసెట్టు లేదు. ఆ రాగాన్ని నాలో ఊదగలిగినవాడికి పళ్లు లేవు. దాని వెనక నడిచే కూనిరాగాన్ని, ఆ నవ్వుతో సహా, క్లారినెట్టు మీద దింపినవాడు సుందరరావొక్కడే. వాడి వేళ్లు కట్లలో ఉన్నాయి. రెండు దెబ్బలకూ ఆయుధం నేనే. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు.

కరుణమ్మ మర్నాడు పొద్దున్నే పాసింజరెక్కి కావలి వెళ్లింది. పది గంటలకల్లా తమ్ముడి చొక్కా పట్టుకుని దొర క్వార్టర్సులోకి ఈడ్చుకొచ్చింది. అక్కడ మొగుడు నన్ను ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"ఊదండి ఇద్దరూ. ఎట్టొస్తే అట్ట ఊదండి. ఆయనకి వినపడాల" అంది.

జకరయ్య కట్టు విప్పి నా మూతికి నోరు ఆనించాడు. తుస్సుమని గాలి, దాని వెంట చీము కలిసిన నెత్తురు. సుందరరావు క్లారినెట్టు ఎత్తాడు. రెండు చిల్లులు మూసే వేళ్లు లేక అది కీచుమంది. దొర మంచంలో కళ్లు చిట్లించి మూలిగాడు.

"నా పళ్లు రాలగొట్టకుండా ఉంటే ఈ పాటికి ఊదేవాణ్ణి గదరా."

"నా వేళ్లిరగ్గొట్టింది ఎవురు? కేసెట్టు దొంగతనంగా తెచ్చింది ఎవురు?"

"ఏమన్నా? ఇంకోసారి అను."

"దొంగ అన్నా. అను అంటే వందసార్లు అంటా."

జకరయ్య లేచి నన్ను ఎత్తాడు. సుందరరావు మంచి చేత్తో నా గొట్టం పట్టుకున్నాడు. ఇద్దరూ నన్ను చెరోవైపుకీ గుంజుతూ గోడకు కొట్టుకుని, మంచానికి తగిలారు. మంచం కదిలి దొర తల దిండు మీది నుంచి జారింది. ముసలాయన భయపడి ఎడమ చెయ్యి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

కరుణమ్మ నన్ను ఒక్క గుంజుతో ఇద్దరి చేతుల్లోంచీ లాక్కుంది. "మీ చేతులు పడిపోను! పాణం పోతా ఉండే మనిషి ముందర గూడానా!" అంది. నన్ను తీసుకుని గడప దాటి, రాతిమెట్టుకు వేసి కొట్టింది. మొదటి దెబ్బకు నా నోరు మూసుకుపోయింది. రెండో దెబ్బకు గొట్టం చీలింది. మూడో దెబ్బకు మీటలు ఎగిరి ముంగిట్లో పడ్డాయి. నాలుగోది, ఐదోది కూడా కొట్టింది. కొట్టు తల్లీ అనుకున్నాను. ఒకడి పళ్లూ ఒకడి వేళ్లూ తిన్నదాన్ని, నాకిది తగిన శాస్తే. ఆమె చేతులు గీరుకుని నెత్తురు కారుతున్నా ఆపలేదు. నేను చప్పిడి రేకు అయ్యాక లోపలికి తెచ్చి మంచం కింద పారేసింది.

తరవాత దొర తల సరిచేసి, మంచం పక్కన నేల మీద కూర్చుంది. గసపోస్తోంది. ఊపిరి కుదుటపడ్డాక, నోరు తెరవకుండా, గొంతులోనే ఆ నెమ్మదైన రాగం అందుకుంది.

రవ్వంత వెనగ్గా, కాస్త బొంగురుగా. ఒకచోట దారి తప్పింది. తనలో తాను నవ్వుకున్నట్టు చిన్న చప్పుడు చేసి మళ్లీ అందుకుంది. అచ్చంగా అదే. పదిహేనేళ్లు వసారాలో సాధన జరుగుతుంటే ఆమె లోపల పొయ్యి దగ్గర ఉంది. ఆమెకు వచ్చేమో అడుగుదామని మాలో ఒక్కరికీ తోచలేదు. నాకూ తోచలేదు, ఒట్టు.

దొర మొహం మీది నుంచి చెయ్యి తీశాడు. అయిపోగానే ఎడమచేతి వేలు ఎత్తి చూపించాడు, మళ్లీ అని. ఆమె మళ్లీ తీసింది. జకరయ్య గోడకు జారగిలబడి నేల మీద కూలబడ్డాడు. సుందరరావు కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని తల వంచుకున్నాడు. ఇద్దరూ ఏడుస్తున్నారు. వాళ్లను ఎవరూ ఓదార్చలేదు.

మూడోసారి పాట మధ్యలో ఉండగా దొర ఊపిరి ఆగింది. కరుణమ్మ చెయ్యి ఆయన గుండె మీదే ఉంది, ఆమెకు తెలిసింది. అయినా ఆపలేదు. చివరిదాకా తీసింది. అప్పుడు ఆయన కళ్లు మూసి, కొంగుతో తన చేతుల నెత్తురు తుడుచుకుని లేచింది. మొగుడి వంకా తమ్ముడి వంకా చూసింది.

"లెయ్యండి" అంది. "చెరో పక్కా పట్టుకోండి. మొయ్యాల."